జీఎం గారింట్లో ఎలుకలు

మా జీఎం వెంకటేశ్వరరావు గారు ఇక లేరు. మిల్లు గేటుకు అంటిన హోలీ రంగు ఇంకా పోనేలేదు, ఆయన వెళ్ళిపోయారు. పొద్దున్నే పూజకని పెరట్లో మందారాలు కోసి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెనక మెట్ల మీద కూర్చున్నారట. కాఫీ తెచ్చిన అమ్మగారు పిలిస్తే పలకలేదట. ముఖం మాత్రం, లోడంతా సరిగ్గా దిగిన రోజు ఎలా ఉంటుందో అలా ఉందట.

నాకు కబురు చెప్పింది బాయిలర్ దగ్గర పనిచేసే యాదగిరి అన్న.

"సునీతా, సార్ లేడే ఇగ" అన్నాడు ఫోన్లో.

"ఏందన్నా పొద్దుగాల్నే గా మాటలు? నిన్న సాయంత్రమే నన్ను తండా కాడ దింపిపోయిండు. మంచిగున్నడు" అని కసిరాను.

అటు నుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. యాదగిరి అన్న ఏడవడం నేను వినడం అదే మొదటిసారి. నా చేతిలో చీపురు ఉంది. ఆ చీపురుతోనే రోడ్డు దాకా నడిచొచ్చానని తర్వాత మా అమ్మ చెప్పింది.

పాల్వంచ దాటి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట మా బియ్యం మిల్లు ఉంటుంది. ఆ రోజు లారీలు గేటు బయటే ఆగిపోయాయి. గేటుకు ఫ్లెక్సీ కట్టాలన్నారు. దాని మీద ఏం రాయాలన్న దగ్గర గొడవ మొదలైంది.

"శివైక్యం చెందిండని ఎట్ల రాస్తర్రా? సార్ రాములోరి మనిషి" అన్నాడు యాదగిరి అన్న.

"మరేం రాయాలె? రామైక్యమని యాడన్న విన్నవా?" అన్నాడు ఫ్లెక్సీ తెచ్చే అతను.

సార్ ఉంటే ఏమనేవారో మాకందరికీ తెలుసు. ఆయన పేరేమో వెంకటేశ్వరరావు, కొలిచేదేమో రాముణ్ణి. ఇదేంటి సార్ అని ఎవరైనా అడిగితే, "అందరిదీ ఒకటే కంపెనీ అయ్యా, బ్రాంచీలే వేరు" అనేవారు. ఆ మాట అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది, అంత ఏడుపులోనూ ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి ఫ్లెక్సీ మీద ఫోటో పెట్టి, కింద "మా సార్" అని మాత్రం రాయించాం.

నెల మాసికానికి పంచే ఈ చిన్న పుస్తకంలో ఆయన గురించి నన్ను రాయమన్నారు. ఆఫీసులో పెద్ద చదువులు చదివినవాళ్ళున్నారు. నాది పదో తరగతితో ఆగిన చదువు. "నువ్వు ఎట్లాగూ ఆగకుండ మాట్లాడతవు గదా, అదే కాయితం మీద పెట్టు" అన్నారు. పుణ్యశ్లోకులు, కీర్తిశేషులు అని మొదలుపెట్టి చూశాను. నా పెన్ను నాకే కొత్తగా అనిపించింది. అందుకని ఆయనతో మాట్లాడినట్టే రాస్తున్నాను.

ఆ రోజు సార్ ఇంటికి వెళ్ళి దండం పెట్టుకుంటుంటే, పొట్ట మీద కలిపి పెట్టిన చేతులు కనిపించాయి. కుడి చేతి బొటనవేలికి గోరు పొడుగ్గా ఉంది. ఆ గోరు చూసేదాకా గట్టిగానే ఉన్నాను. చూశాక ఇక ఆగలేకపోయాను.

ఆ గోరు ఎందుకో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. భద్రాచలంలో రాములవారి పెళ్ళికి తలంబ్రాల బియ్యం కొందరు భక్తులు గోటితో ఒలిచి పంపుతారు. రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు. ఒక్కో వడ్లగింజనూ గోటితో చీల్చి, పొట్టు తీసి, లోపలి గింజ విరగకుండా తీయాలి. మా సార్ మిల్లు కాంపౌండులో, వడ్లు ఆరబోసే కళ్ళం చివర చిన్న మడి వేయించి, ఆ పంట ప్రతి ఏటా దీనికే వాడేవారు. గంటకు లారీ వడ్లు బియ్యం చేసే మిల్లుకు పెద్దాయన, శివరాత్రి వెళ్ళగానే గోరు పెంచుకుని పట్టా మీద బాసింపట్టు వేసుకుని మా అందరితో కూర్చుని, గింజ తర్వాత గింజ ఒలిచేవారు. "మిల్లులో టన్ను లెక్క, రాముడి దగ్గర గింజ లెక్క" అనేవారు. హైదరాబాదు మీటింగులకు సూటు వేసుకుని వెళ్ళినా ఆ గోరు తీసేవారు కాదు. ఎవరైనా ఎగాదిగా చూస్తే, "ఇది నాది కాదండీ, పెళ్ళివారిది" అనేవారు.

ఈ ఏడాది ఒలుపు సగంలో ఉండగా ఆయన పోయారు. పోయింది ఇంట్లో. తలంబ్రాల వడ్ల మూట ఎప్పుడూ ఉండేది ఆ ఇంటి పూజగదిలో. మా మిల్లు గుడి పంతులు గారు వాకిట్లో నిలబడి, కండువాతో ముఖం తుడుచుకుంటూ మెల్లగా అన్నారు:

"ఇల్లు మైలపడింది. పూజగదిలో ఉన్నవి ఇక దేవుడి పెళ్ళికి పనికిరావు. ఈ ఏడు మన తలంబ్రాలు లేనట్టే నాయనా."

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా చేతులు చూసుకున్నారు. చూసుకోరా మరి? అందరి గోళ్ళూ పసుపుపచ్చగా, పొట్టు గుచ్చుకుని ఉన్నాయి. లోపల అమ్మగారు ఆ మాట విన్నారు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదే. ఆయన పోయిన ఏడే తప్పాలా" అన్నారు. ఆయన పోయినందుకు అప్పటిదాకా పైకి ఏడవని మనిషి, దీనికి ఏడ్చారు.

మూట ఎక్కడుందో ఆ వాకిట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలంటే నోరు రావడం లేదు. ఎందుకు రాలేదో అర్థం కావాలంటే, సార్ సంగతి, ఆ ఇంటి సంగతి ముందు తెలియాలి.

నేను మిల్లులో వడ్ల తేమ చూసే మిషన్ దగ్గర పనిచేస్తాను. లారీ రాగానే గుప్పెడు వడ్లు తీసి మిషన్లో వేసి, తేమ ఎక్కువుంటే ఆపడం నా పని. డ్రైవర్లతో గట్టిగా మాట్లాడాలి. దానికేం లోటు లేదు నాకు. మొదటి రోజే సార్ నా ముందు నిలబడి నేను మాట్లాడేదంతా విని, "సునీతమ్మా, నీ నోటికి గోడౌను లేదమ్మా, వచ్చిందంతా అక్కడికక్కడే రిటైలు" అన్నారు. అప్పటి నుంచి ఏదైనా కబురు మిల్లంతా తెలియాలంటే నోటీసు పెట్టడం మానేసి నాతో చెప్పేవారు. ఎవరి కూతురికి పెళ్ళి కుదిరిందో, ఎవరి తల్లి దవాఖానాలో ఉందో ఆయనకు ముందు తెలిసేది కూడా నా వల్లే. తెలిసిన సాయంత్రమే ఆ ఇంటి ముందు ఆయన కారు ఆగేది. వెళ్ళి పెద్ద మాటలేం చెప్పేవారు కాదు. "అమ్మా, మంచినీళ్ళు ఇస్తారా" అని అడిగి, తాగి, కాసేపు కూర్చునేవారు. కష్టంలో ఉన్నవాళ్ళకు మనం ఇవ్వడం కాదు, వాళ్ళ చేత మనకు ఏదైనా ఇప్పించుకోవాలి, అప్పుడు వాళ్ళ నడుం నిటారుగా అవుతుంది అని ఆయన లెక్క.

ఒలుపు పట్టా మీద ఆయనకో రూలుండేది. అక్కడ పోస్టుల్లేవు. మేనేజరు పక్కన హమాలీ, హమాలీ పక్కన అకౌంటెంటు. ఒకసారి హైదరాబాదు నుంచి ఆడిట్ సార్ వచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కా. "ముందు పిడికెడు ఒలవండి, తర్వాత ఎన్ని ఫైళ్ళయినా చూడండి" అని మా సార్ ఆయన దోసిట్లో వడ్లు పోశారు. ఆడిట్ సార్ తీసిన మొదటి గింజ విరిగింది. రెండోది విరిగింది. మూడోది ఎగిరి మా అకౌంటెంటు కళ్ళజోడు మీద పడింది. సాయంత్రానికి ఆయన చెప్పులు విప్పేసి, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లాడిలా ఒలుస్తున్నాడు. వెళ్ళేటప్పుడు, "రేపు కూడా ఉంటుందా అండీ ఇది?" అని అడిగాడు. తప్పులేమైనా దొరికాయా సార్ అని నేనడిగితే, "నా గింజల్లోనే దొరికాయమ్మా" అన్నాడు.

ఇక యాదగిరి పాయసం గురించి రాయకపోతే యాదగిరి అన్నే ఒప్పుకోడు. ఒక ఏడు ఆయన షిఫ్టుకు ఇచ్చిన వడ్లు అందరికంటే ముందు ఒలిచి తెచ్చాడు. గింజలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. సార్ పళ్ళెం చూశారు, యాదగిరి ముఖం చూశారు.

"చెయ్యి చూపించు."

యాదగిరి అన్న చెయ్యి చాపాడు. గోళ్ళు అప్పుడే కత్తిరించుకున్నట్టు నున్నగా ఉన్నాయి.

"ల్యాబులో వడ్ల శాంపిల్ ఆడించే చిన్న మిషన్ ఉంది కదూ మనకు" అన్నారు సార్.

"గది పెద్ద మిల్లు గాదు గద సార్. ఇట్ల పోస్తే అట్ల ఎల్లినయి. చిన్నదే గదా, రాములోరు ఏమనుకుంటడని..."

సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. "నాయనా యాదగిరీ, మిషన్ బియ్యమే పంపాలంటే రాముడికి మనమెందుకయ్యా? పెళ్ళికి వచ్చిన చుట్టం బజ్జీలబండి దగ్గర తినేసి వచ్చినట్టుంది నీ పని."

తిట్టలేదు. ఆ బియ్యం పారేయనూ లేదు. వాటితో పాయసం వండించారు. పాలిష్ పట్టని బియ్యం కదా, ఎంతకీ ఉడకవు. పొయ్యి దగ్గర యాదగిరి అన్నే చెమటలు కక్కుతూ గరిటె తిప్పాడు, చుట్టూ మేమంతా ఈలలు. తర్వాత సార్ ఆయన పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి ఒలిపించారు. ఆ పాయసం ఎంత బాగుందంటే, ఆ మరుసటి ఏటి నుంచి తలంబ్రాలు అప్పజెప్పి వచ్చిన రోజు అది వండడం మాకు ఆచారమైపోయింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అదేదో పాతకాలపు నైవేద్యం అనుకుంటున్నారు.

అమ్మగారి గురించి చెప్పాలి. పేరు సుగుణమ్మ గారు. వాళ్ళ పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆమె ఇల్లంటే అద్దం. గడప మీద ముగ్గు మీద ఈగ వాలాలన్నా కాళ్ళు కడుక్కుని రావాలి. బియ్యం డబ్బాల మీద పేర్లు, పప్పు డబ్బాల కింద కాగితాలు. సార్ ఆమెను "బోర్డు" అనేవారు. "మిల్లుకు నేను జీఎం. ఇంటికి ఆవిడ బోర్డు. బోర్డు నిర్ణయానికి అప్పీలు లేదు."

బోర్డు వేసిన ముఖ్యమైన రూలు, అన్నం తినేటప్పుడు ఫోను ఉండకూడదని. అందుకని సార్ కంచం ముందు కూర్చునే ముందు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేవారు. ఒకసారి బాయిలర్ ఆగిపోయి ఎంత చేసినా ఫోను ఎత్తరు. నన్ను ఇంటికి పంపారు. వెళ్ళేసరికి వంటింట్లో బియ్యం డబ్బా గుయ్యిగుయ్యిమంటోంది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గుత్తివంకాయ కూర తింటూ, చిన్నకూతురు చిన్నప్పుడు ఆ కూర చూస్తే ఎలా పారిపోయేదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "సార్, బాయిలర్..." అన్నాను.

"కాలుతోందా?"

"లేదు సార్, ఆగిపోయింది."

"ఆగిపోయినదానికి తొందరేముందమ్మా? కూర్చో, సుగుణా, ఈ పిల్లకో కంచం పెట్టు."

మజ్జిగ దాకా తిన్నాకే ముగ్గురం లేచాం. వెళ్ళి చూస్తే యాదగిరి అన్న అప్పటికే బాగుచేసేశాడు. "చూశావా, నేను ఫోనెత్తి ఉంటే వాణ్ణి కంగారు పెట్టేవాణ్ణి" అన్నారు సార్.

సరే, ఇప్పుడు ఎలుకలు.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళి, ఒలుపు మొదలైన కొత్తలో ఒకరోజు సార్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. తలుపు దగ్గరగా వేశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"సునీతమ్మా, ఒక రహస్యం. నీ దగ్గర దాచగలవా?"

"నా కాడనా సార్? నాకు గోడౌన్ లేదంటిరి గదా."

"ఒకటి కట్టించుకో. చిన్నదైనా చాలు." కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మా ఇంట్లో ఎలుకలు పడ్డాయి."

నాకు నోరు తెరుచుకుపోయింది. "మీ ఇంట్లనా? అమ్మగారి ఇంట్లనా?"

"ష్. ఆవిడకు తెలిస్తే నన్నూ ఎలుకలనూ కలిపి బయటికి నెట్టేస్తుంది. తలంబ్రాల వడ్లకు అది మంచి చోటు కాదు. ఒలుపు అయ్యాక రోజూ సాయంత్రం నిన్ను తండా దగ్గర దింపుతాను. మూట మీ ఇంట్లో ఉంచు. పొద్దున్నే అందరికంటే ముందు తీసుకురా. అందరూ నా కారులో నా ఇంటికే పోతోందనుకుంటారు. అనుకోనీ."

మాది చింతబోడు తండా. రేకుల ఇల్లు. మూట తీసుకెళ్తే మా అమ్మ రెండు చేతులతో అందుకుని దూలానికి కట్టింది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో కోడి బంద్, గుడ్డు బంద్. మా తమ్ముడికి ఆదివారం ముద్ద దిగలేదు.

"అమ్మా, గీ రాములోరు మనింట్ల ఎన్నాళ్ళుంటడే? కిరాయి గూడ కడతలేడు" అన్నాడు పైకి చూస్తూ.

"నోర్ముయ్. నువ్వు పుట్టినప్పటి సంది కట్టినవా కిరాయి?" అంది అమ్మ. తర్వాత నాతో, "గంత పెద్ద జీఎం ఇంట్ల ఎలుకలేందే? పిల్లిని సాదుకోమనరాదు?" అంది.

నాకూ ఆ మాట నిజమే అనిపించింది. పిల్లిని ఎలాగూ ఇవ్వలేం కాబట్టి, పాల్వంచ సంతలో మంచి ఎలుకల బోను ఒకటి కొని, సంచిలో దాచి సార్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని రెండు వైపులా తిప్పి చూశారు. తలుపు ఎత్తారు, దించారు. ముఖం చాలా గంభీరంగా పెట్టుకున్నారు. "కొబ్బరి ముక్క పెట్టాలా, ఉల్లిపాయ పెట్టాలా?" అని అడిగారు. కాల్చిన ఎండుకొబ్బరి అయితే తప్పకుండా వస్తాయి సార్ అన్నాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా, "ఇంకా పడలేదమ్మా, తెలివైన ఎలుకలు" అనేవారు.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ వాకిట్లో, నిండా జనం, ఆయన అద్దాలపెట్టెలో, పంతులు గారు ఈ ఏడు లేనట్టే అంటున్నారు, అమ్మగారు ఏడుస్తున్నారు. మూట సంగతి చెబితే ఎలుకల సంగతి చెప్పాలి. భర్త పోయిన రోజున, ఆ అద్దం లాంటి ఇంట్లో నిలబడి, మీ ఇంట్లో ఎలుకలున్నాయని ఎలా అనను? పైగా జీవితంలో నేను దాచిన ఒకే ఒక్క రహస్యం అది, నమ్మి చెప్పిన మనిషి అక్కడే పడుకుని ఉన్నాడు. కానీ అన్ని గోళ్ళు, అందరి కష్టం.

"అమ్మగారూ, మూట ఈడ లేదు" అన్నాను. "శివరాత్రి ఎల్లినప్పటి సంది మా ఇంట్ల ఉంది. సారే పెట్టుమన్నడు."

"ఎందుకు?" అన్నారు అమ్మగారు.

"మీ ఇంట్ల... ఎలుకలున్నయని చెప్పిండు."

అమ్మగారు తలెత్తి నన్ను చూశారు. "ఎలుకలా?" అన్నారు. "నా ఇంట్లోనా?"

వెనక ఎవరో, "తండాలనా? తలంబ్రాలు తండాల పెట్టిండా?" అని గొణిగారు. చిన్నగానే అన్నారు గానీ వినపడింది. నా చెవులు కాలిపోయాయి. అమ్మగారు లేచి నిలబడి, అటు తిరిగి, ఏడుపు గొంతుతోనే గట్టిగా అన్నారు:

"మా ఆయన ఏది ఎక్కడ పెట్టాలో తెలిసే పెడతారు. పంతులు గారూ, సునీత వాళ్ళింటికి మాకు చుట్టరికం లేదు, మైల లేదు. ఆ వడ్లు పనికొస్తాయా, రావా?"

పంతులు గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు. "భేషుగ్గా పనికొస్తాయమ్మా" అన్నారు.

దహనం అయ్యాక అందరం తలస్నానాలు చేశాం. మర్నాటి నుంచి ఒలుపు మా ఇంటి ముందు వేపచెట్టు కింద మొదలైంది. మిల్లు మిల్లంతా షిఫ్టుల వారీగా తండాకు వచ్చింది. మా తండా ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. పన్నెండో రోజు వెళ్ళాక ఒక సాయంత్రం అమ్మగారి కారు వచ్చి రోడ్డు మీద ఆగింది. ఆయన పోయినప్పటి నుంచి ఆమెకు నియమం ఉంది, ఒకరి గడప తొక్కరు, గింజ ముట్టుకోరు. మా అమ్మ కుర్చీ తీసుకెళ్ళి రోడ్డు అంచున వేసింది.

"అడవిల తిరిగినోడు రాములోరు, ఆయనకేం పట్టింపులుంటయమ్మా, లోపటికి రా" అంది.

"ఆయనకు లేకపోయినా నాకున్నాయమ్మా. ఇక్కడే బాగుంది" అని కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నారు. ఇక మొదలు. "ఏయ్ యాదగిరీ, ఆ గింజ కొన విరిగింది, పక్కన పెట్టు. సునీతా, మాటలు తగ్గించి గోరు ఆడించు." అంత దూరం నుంచి ఎలా కనపడిందో ఆ రాముడికే తెలియాలి. బోర్డు మీటింగు మళ్ళీ మొదలైందని యాదగిరి అన్న గొణిగాడు. అంతకుముందు రోజుల్లో లేని నవ్వులు అప్పుడు వచ్చాయి మాకు.

అదే సాయంత్రం ఆఫీసువాళ్ళు సార్ క్యాబిన్‌లోని సామానంతా అట్టపెట్టెలో సర్ది తెచ్చి ఆమెకిచ్చారు. కళ్ళజోడు, చిన్న రాముడి పటం, పట్టా మీద కూర్చునేటప్పుడు వేసుకునే పాత పంచె. అడుగున ఎలుకల బోను. దాంట్లో కాల్చిన ఎండుకొబ్బరి ముక్క, నేను చెప్పినట్టే దారం కట్టి మరీ గుచ్చి ఉంది. బోను క్యాబిన్ దాటి ఇంటికి వెళ్ళనే లేదు.

అమ్మగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడిదని అడిగి తెలుసుకున్నారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చెప్పారు. శివరాత్రికి ముందు ఖమ్మంలో డాక్టరు మా సార్ గుండె చూసి ఆపరేషన్ చేయాలన్నాడట. తేదీ శ్రీరామనవమి దాటాకే దొరికిందట. ఆ రోజు కారులో తిరిగి వస్తూ సార్, "సుగుణా, ఈలోపు నాకేమైనా అయితే ఇంట్లో ఉన్న తలంబ్రాల సంగతి?" అన్నారట. "అపశకునపు మాటలు మాట్లాడితే ఇక్కడే దిగిపోతాను" అని ఈమె గట్టిగా కోప్పడ్డారట. ఇక ఆయన ఆ ఊసెత్తలేదట.

"నాతో చెబితే ఒప్పుకోనని..." అని ఆగారు. బోను తలుపు ఎత్తి వదిలారు, టప్పుమంది. "దానికి నా ఇంటి మీద ఎలుకల్ని తోలతాడా ఈ మనిషి? ముప్ఫై ఏళ్ళు కడిగాను ఆ ఇల్లు! ఇంకేం అబద్ధం దొరకలేదా?"

అని నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వు ఆగడం లేదు. మా అమ్మ నవ్వింది, నేను నవ్వాను, సంగతి తెలియని యాదగిరి అన్న కూడా నవ్వాడు. తన చావును కూడా ముందుగా సర్ది పెట్టుకుని, దాని వల్ల ఎవరి పనీ ఆగకుండా చూసి, మళ్ళీ మమ్మల్ని నవ్వించి వెళ్ళిన మనిషిని ఇంకెక్కడ చూస్తాం?

ఉగాది వెళ్ళాక మూట తల మీద పెట్టుకుని నడిచాం. ఎప్పుడూ ముందు నడిచే చోట సార్ లేరు. ఆ చోటు ఖాళీగానే ఉంచి, దాని వెనక నడిచాం. గోదావరి వంతెన మీదికి రాగానే ఆయన ప్రతి ఏటా చెప్పులు చేత్తో పట్టుకుని, "చేరిపోయాం, ఇక పెళ్ళివారిదే భారం" అనేవారు. ఈసారి ఆ మాట యాదగిరి అన్న అన్నాడు. సగం దగ్గర ఆగిపోయాడు. మిగతా సగం అందరం కలిసి అన్నాం. గుడిలో అప్పజెప్పాము. వాళ్ళు మూట విప్పి, మా బియ్యాన్ని రంగు తలంబ్రాల రాశిలో కలుపుతుంటే, ఏ గింజ సార్ ఒలిచిందో, ఏది మాదో ఇక తెలియలేదు. అలా తెలియకపోవడమే బాగుంది.

సార్, మీలాంటి జీఎం మిల్లుకు మళ్ళీ వస్తాడేమో నాకు తెలియదు. కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. పట్టా మీద మీ చోట మాత్రం ఎవరూ కూర్చోలేరు. పాయసంలో గరిటె తిప్పుతుంటే యాదగిరి అన్నను వెక్కిరించేవాళ్ళు లేరు. నా మాటలన్నీ ఇప్పుడు లోపలే నిలవ ఉంటున్నాయి, మీరు కట్టుకోమన్న గోడౌను కట్టుకున్నాను. ఈ పేజీలతో దాని తలుపు తీస్తున్నాను. మీ పాదాలకు మా అందరి గోళ్ళూ ఆనించి దండం పెడుతున్నాం.

భద్రాచలం నుంచి వచ్చిన సాయంత్రం పాయసం గిన్నె తీసుకుని అమ్మగారి దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"చేరాయా?" అన్నారు.

"చేరినయి అమ్మగారూ. ఒక్క గింజ పోలే."

కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. గిన్నె అందుకున్నారు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు.

"సునీతా, వచ్చే ఏడు మూట ఇక్కడే పెట్టండి. తండాలో అందరికీ చెప్పు, మిల్లులో కూడా చెప్పు. మా ఇంట్లో ఎలుకలు లేవు."